షహానియా తోటలో గూడు కట్టిన చేప

ఏరు, చెరువు లేని దేశంలో మంచినీటి చేపను చూడ్డానికి ప్రయాణమేమిటని మావారు నవ్వారు. ఆయన నవ్వడంలో తప్పేమీ లేదు. ఖతర్‌లో మేం తాగే నీళ్లు కూడా సముద్రంలోంచి ఉప్పు తీసి ఇచ్చేవే. అయినా నేను బయల్దేరడానికి కారణం ఒక ఫొటో. అల్ రయ్యాన్‌లో ఉండే మా స్నేహితురాలు స్వరూప ఒక సాయంత్రం అది ఫోన్‌కి పంపింది. స్వరూపది ఆర్మూరు దగ్గర పల్లె, నాది కాకినాడ. ఇక్కడికి రాకముందు నేను అక్కడి డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేదాన్నని ఆమెకు తెలుసు. ఫొటో కిందే గొంతు కూడా రికార్డు చేసి పంపింది: "అక్కా, నువ్వు చేపల పాఠాలు జెప్పినవు గద, ఇదేం చేపనో జెప్పు. మా గంగారాం అన్న పనిజేసే తోటల ఉన్నది. ఈ శనివారం మేం నాలుగు ఇండ్లోళ్లం ఆ తొట్లనే బతుకమ్మను సాగనంపుతున్నం. నువ్వు గూడ రా."

ఫొటో పెద్దది చేసి చూశాను. చెంప మీద నెమలికంఠం రంగులో వంకర టింకర గీతలు. మొప్ప మూత చివర చెవి తమ్మెలా వేలాడే నల్లటి మచ్చ, దాని అంచుకు సన్నటి లేత పసుపు. పుస్తకాల్లో బొమ్మగా తప్ప ఎన్నడూ చూడని అమెరికా చేప! సన్‌ఫిష్ అంటారు. అయితే ఇది పుస్తకంలోని ఏ ఒక్క జాతికీ పూర్తిగా సరిపోవడం లేదు. ఒళ్లు ఒక జాతిది, నోరు ఇంకో జాతిది. ఆ రాత్రే మావారిని అడిగాను, వస్తారా అని. "పులుసుకి పనికొస్తుందా?" అన్నారు. పనికిరాదన్నాను. అయితే రానన్నారు.

శనివారం పొద్దున్న ఆరింటికి మేముండే మదీనత్ ఖలీఫాలో టాక్సీ ఎక్కాను. అక్టోబరు కాబట్టి కిటికీ అద్దం దించుకోగలిగే గాలి. నేరుగా పడమటికి పోతే, తోట ఉన్న షహానియా ముప్పావు గంట కూడా పట్టదు. కానీ నజ్మాలో ఒక దుకాణంలో పూలు తీసుకురమ్మని స్వరూప చెప్పింది కనుక ముందు తూర్పుకు మళ్లాం. డ్రైవర్ రాజేశం జగిత్యాల వైపు మనిషి. రోజంతా తనతోనే ఉండేలా రెండు వందల యాభై రియాళ్లకు మాట్లాడుకున్నాను. విడివిడిగా టాక్సీలు మారితే కొంచెం తగ్గుతుంది గానీ తోటల దారిలో తిరుగు బండి దొరకదు. మీ ఊళ్లో ఖతర్ ఎక్కడుందో తెలుసా అని అడిగితే పకపకా నవ్వాడు. "మా ఊర్లె ఖతర్ గిట్ల ఎవ్వలకు తెల్వది మేడమ్. అంతా దుబాయే. మా అవ్వ అయితే నేను రోజు విమానం నడుపుతున్ననుకుంటది."

నజ్మాలో ఒక చిన్న హోటల్లో ఇడ్లీ, వడ తిన్నాం. ఇద్దరికీ కలిపి పద్నాలుగు రియాళ్లు. సాంబారు కాస్త తియ్యగా ఉన్నా ఆకలి మీద బాగానే దిగింది. పక్కనే పూల దుకాణం. విమానంలో వచ్చిన బంతి, చామంతి అట్టపెట్టెల్లో ఉన్నాయి. వాసన చూస్తే పువ్వు కంటే ముందు మందు తగిలింది. దుకాణంలోని అతను గర్వంగా చెప్పాడు: "మందు కొట్టి పంపుతారమ్మా, నాలుగు రోజులైనా వాడవు." రెండు పెట్టెలు డిక్కీలో పెట్టించుకున్నాను. చేతులు రెండుసార్లు కడిగినా ఆ వాసన పూర్తిగా పోలేదు.

అల్ రయ్యాన్ దాటాక ఇళ్లు పలచబడి, రోడ్డుకి రెండు పక్కలా బూడిదరంగు రాళ్ల నేల మొదలైంది. షహానియా అంటే ఇక్కడ అందరికీ ఒంటెల పందాలే గుర్తొస్తాయి. మేం వెళ్లేసరికి దుప్పట్లు కప్పుకున్న ఒంటెలు వరసగా రోడ్డు దాటుతున్నాయి. వాటి తాపీ చూస్తే రోడ్డు వాటిదే, మనమే అడ్డొచ్చామనిపించింది. రాజేశం బండి ఆపి, ఒక కొట్లో ఏలకులు వేసి చిక్కగా మరిగించిన కరక్ చాయ్ తెచ్చాడు. అక్కణ్నుంచి మట్టి దారిలో పది నిమిషాలు పోతే ఖర్జూరపు చెట్ల తలలు కనిపించాయి. అదే తోట. ఒకరి సొంత తోట కాబట్టి టికెట్టు ఉండదు గానీ, ముందుగా ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలి.

గేటు తీసింది గంగారామే. యాభై దాటిన మనిషి, మెడలో తువ్వాల, నోట్లో మాటల ఊట. పోచంపాడు ప్రాజెక్టు నీళ్లలో వలలు వేసే కుటుంబం వాళ్లది. ఖతర్ వచ్చాక చాలా ఏళ్లు కట్టడాల మీద పరంజీలు కట్టి, చివరికి ఈ తోటలో చేపల పని దొరికించుకున్నాడు. నమస్కారం కూడా పూర్తి కాకుండానే మొదలుపెట్టాడు: "మేడమ్, ఈ మొత్తం ఖతర్ల చేప మనసు తెలిసినోడు ఒక్కడే ఉన్నడు. ఎవలో మీరే అడగుర్రి." నేను అడగకుండానే తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఇలాంటి వాళ్లంటే నాకు భలే ఇష్టం. గొప్పలు చెప్పుకునేవాడి దగ్గర కబుర్లకు కరువుండదు.

తొట్టి నేను ఊహించిన దానికంటే పెద్దది. సిమెంటుతో కట్టిన కొలను, నడుం లోతు, అడుగున గులకరాళ్లు. సగం మీద పచ్చటి నీడవల. పక్కన నీళ్లను చల్లబరిచే యంత్రం గుర్రుమంటోంది. అమెరికాలో చదువుకొని వచ్చిన తోట యజమాని, అక్కడి చెరువుల మీద మమకారంతో ఈ చేపల్ని అనుమతులన్నీ తీసుకొని తెప్పించుకున్నాడట. గట్టు మీద చతికిలబడి నీళ్లలోకి చూశాను. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత నీడలోంచి వెలుగులోకి ఒకటి వచ్చింది.

ఎలా చెప్పను! మన చందువ చేపను కాస్త బొద్దుగా చేసి, ఒక చిత్రకారుడి చేతికిచ్చినట్టుంది. వీపు ముదురు ఆలివ్ ఆకుపచ్చ, పక్కలకు దిగేకొద్దీ ఇత్తడి మెరుపు, పొట్ట దగ్గర పండు నారింజ. ఒంటి మీద నిలువునా మసక చారలు ఉన్నాయో లేవో అన్నట్టున్నాయి. వీపు రెక్క ముందు సగం ముళ్లు, వెనక సగం మెత్తటి పరదా, ఆ పరదా చివర ఒక నల్ల మచ్చ. రెక్కల అంచులకు పసుపు పట్టీ. ఫొటోలో చూసిన చెంప గీతలు ఎండ తగలగానే నీలంలోంచి ఆకుపచ్చలోకి, మళ్లీ నీలంలోకి మారుతున్నాయి. అరచేయంత చేప నన్ను కదలనివ్వలేదు. ఇన్నేళ్లు బొమ్మ చూపించి పాఠం చెప్పానే, ఆ పిల్లలందరినీ తీసుకొచ్చి ఈ గట్టు మీద కూర్చోబెట్టాలనిపించింది.

ఇది సంకరం. తల్లి బ్లూగిల్ అనే జాతి, తండ్రి గ్రీన్ సన్‌ఫిష్ అనే జాతి. వెడల్పాటి ఒళ్లు తల్లి నుంచి వచ్చింది. తల్లి నోరు చిన్నది, తండ్రిది పెద్దది, బిడ్డ నోరు మధ్యస్థంగా ఉంటుంది. చెంప మీద గీతలు, రెక్కల పసుపు అంచులు తండ్రి ఆస్తి. ఆకలి మాత్రం ఇద్దరి దగ్గరా కలిపి పుచ్చుకుంది. గంగారాం నాలుగు మేత గుళికలు విసిరితే నీళ్లు ఉడికినట్టయ్యాయి. త్వరగా పెరుగుతాయి, నీళ్లలో గాలి తగ్గినా కొంత ఓర్చుకుంటాయి. సంకరమనగానే కంచరగాడిదలా గొడ్డుబోతుందని అనుకుంటాం గానీ, వీటికి సంతానం కలగొచ్చు. చిక్కల్లా ఎక్కడంటే, పుట్టినవాటిలో దాదాపు అన్నీ మగవే. ఆడది దొరకడమే అరుదు.

"అదే నా బాధ మేడమ్," అన్నాడు గంగారాం, మొదటిసారి గొంతు తగ్గించి. "మా అర్బాబు పోయినేడు జెప్పిండు. ఇవి పిల్లలు పెడితె తొట్టి ఉంటది, లేకుంటె పూడ్పిచ్చి నన్ను ఒంటెల కాడికి పంపుతడట." అర్బాబు అంటే ఇక్కడి పనివాళ్ల మాటలో యజమాని. ఒంటెలతో ఇబ్బందేమిటన్నాను. "ఒంటె నన్ను జూస్తె, చెప్పకుండ అత్తగారింటికి వొచ్చిన అల్లుణ్ణి జూసినట్టు జూస్తది మేడమ్." నవ్వి, వెంటనే తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "నవ్వుడు కాదు గని, ఇన్నేండ్లు ఇనుప కడ్డీల మీద కోతి లెక్క ఎక్కిన, దిగిన. నీళ్ల కాడికి వొచ్చినంకనే మల్ల మనిషినైన. ఇప్పుడు పొమ్మంటె ఏడికి పోవాలె?"

పిల్లల కోసం ఆయన చేసిన ప్రయత్నాలు వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మన రవ్వ, బొచ్చె చేపలు వానాకాలంలో కొత్త నీరు పొంగితే గుడ్లు పెడతాయి కదా. ఆ లెక్కన ఈయన రోజూ సాయంత్రం పైపు పట్టుకొని తొట్టి మీద వాన కురిపించాడట. పొద్దున్నే దిగి, అడుగున చేపలు తవ్విన గుంటల్ని దంతెతో చదును చేసేవాడట, అర్బాబు చూస్తే అసహ్యంగా ఉంటుందని. "అయ్యో గంగారాం గారూ, ఆ గుంటలే వీటి గూళ్లు!" అన్నాను. మగచేప తోకతో గులకరాళ్లను ఊడ్చి పళ్లెంలాంటి గుంట చేస్తుంది. ఆడది వచ్చి అందులో గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. ఆయన నోరు తెరిచి నన్ను, తొట్టిని మార్చి మార్చి చూశాడు. "అంటె నేను రోజు ఆళ్ల ఇల్లు కూలగొట్టిన్నా?" అని, "మొన్న నాకు జరమొచ్చి దిగలేదు మేడమ్. జర ఇటు రార్రి," అంటూ నన్ను పడమటి గట్టు మూలకు తీసుకెళ్లాడు.

అక్కడ, ఎండ పడే చోట, శుభ్రంగా ఊడ్చిన గుంట. గుంట మీద అన్నింటికంటే నిండు రంగున్న మగచేప. నీళ్లలో నిలబడే ఉంది గానీ ఒక్క క్షణం ఊరుకోవడం లేదు. రెక్కలతో గుడ్లకు గాలి విసురుతోంది, అటు తిరుగుతోంది, ఇటు తిరుగుతోంది. కళ్లు చికిలించి చూస్తే రాళ్లకు ఆవగింజ కంటే చిన్న, లేత కాషాయపు చుక్కలు అంటుకొని ఉన్నాయి. గుడ్లు! జ్వరమే మేలు చేసిందన్నమాట. యంత్రంతో వేసవంతా చల్లగా ఉంచిన నీళ్లను ఇప్పుడు దాని జోరు తగ్గించి కాస్త వెచ్చబడనిచ్చారట. చేపలు దాన్ని వసంతమనుకొని ఉంటాయి. "కొర్రమట్ట లెక్కనే, తండ్రి కావలుంటడన్నట్టు!" అన్నాడు గంగారాం. అంతలో ఇంకో మగచేప గుంట వైపు వచ్చింది. కాపలా చేప బాణంలా వెళ్లి తరిమేసి తిరిగొచ్చింది. అది గూడు వదిలితే మిగతావి నిమిషాల్లో గుడ్లు తినేస్తాయి. రెండు మూడు రోజులు ఇలా నిలబడితేనే పిల్లలు.

మధ్యాహ్నం గంగారామే వంట చేశాడు. పచ్చిపులుసు, బీరకాయ, వేడి అన్నం, వేయించిన ఎండుమిరపకాయలు. గొప్పలకు తగ్గ చెయ్యి. రాజేశం మూడుసార్లు అన్నం కలుపుకున్నాడు. నీడలో కాస్త నడుం వాల్చి లేచేసరికి మూడున్నర. రెండు కార్లలో స్వరూప, మిగతా ఇళ్ల ఆడవాళ్లు పట్టుచీరల్లో దిగారు. నేను తెచ్చిన బంతి, చామంతులతో చెట్ల కింద అప్పటికప్పుడు బతుకమ్మను పేర్చారు. బతుకమ్మకు పెట్టే గునుగు పువ్వు ఇక్కడ దొరకదు కనుక స్వరూప ఎండుగడ్డి కంకులు తెచ్చి, వాటికి గులాబీ, నీలం రంగులు అద్ది పెట్టుకొచ్చింది. మోకాలెత్తు బతుకమ్మ తయారైంది. ఎంత బాగుందో! దాన్ని ఎత్తుకొని స్వరూప తొట్టి వైపు అడుగు వేయగానే, పొద్దుటి మందు వాసన నా వేళ్ల మీద ఉన్నట్టే అనిపించింది.

"స్వరూపా, ఆగమ్మా. ఇందులో వద్దు," అన్నాను.

ఆమె మొహం వాడిపోయింది. "ఏందక్కా గట్లంటవు? మూడేండ్ల సంది పిల్లలు తానం జేసే ప్లాస్టిక్ టబ్బుల ఏస్తున్నం. టబ్బుల బతుకమ్మ యాడికి పోతది? ఆడ్నే నిలవడి మన మొకం జూస్తది. సాగనంపినట్టే ఉండది. ఒక్కసారన్న నిజం నీళ్లల్ల ఏద్దామని అన్నను అడిగినం. ఆయన సరే అన్నడు." గుడ్ల సంగతి చెప్పాను. పూల మీద పురుగుమందు ఉందని, కంకుల రంగు నీళ్లలో దిగుతుందని చెప్పాను. "నాలుగు పూలకే సస్తయా అక్కా?" అంది. చస్తాయో లేదో నాకూ ఖాయంగా తెలియదు. ఆ మాటే చెప్పాను. అందరం గంగారాం వైపు తిరిగాం. ఉదయం నుంచి మాట ఆపని మనిషి తువ్వాల అంచు మెలిపెడుతూ నిలబడ్డాడు. చివరికి, "మాటిచ్చిన మేడమ్. ఆడబిడ్డలకు, పండుగ పూట," అన్నాడు. ఒక పక్క ఒంటెల దొడ్డి, ఒక పక్క ఇచ్చిన మాట. ఆయన కళ్లు మాత్రం ఆ మూల గుంట మీదే ఉన్నాయి. నాకు ఆయన మీద జాలి, స్వరూప మీద జాలి, రెండు పెట్టెలు మోసుకొచ్చిన నా మీద కోపం, అన్నీ ఒకేసారి కలిగాయి.

ఆ తడబాటులో బతుకమ్మ ఒరిగి ఒక గులాబీరంగు కంకి జారింది. నీళ్ల మీద కాసేపు తేలి, తడిసి, నెమ్మదిగా సరిగ్గా గుంట మీదికే దిగసాగింది. దాని వెనకే గులాబీరంగు సన్నటి పొగలా నీళ్లలో సాగింది. మగచేప పైకి లేచి ఆ కంకిని నోట కరుచుకుంది. తనకంటే పొడవున్నదాన్ని ఈడ్చుకుంటూ గుంట అవతలికి తీసుకెళ్లి ఉమ్మేసింది. ఆ కాస్త సందులో రెండు చేపలు గుడ్ల మీదికి దూసుకొచ్చాయి. ఇది వెనక్కి తిరిగి ఒకదాన్ని పొడిచి, రెండోదాన్ని తరిమి, మళ్లీ గుంట మీద నిలబడి రెక్కలు ఆడించడం మొదలుపెట్టింది. గంగారాం అప్పటికే చేతివలతో కంకిని బయటికి లాగేశాడు.

"తల్లి ఏదక్కా?" అంది స్వరూప. గుడ్లు పెట్టి వెళ్లిపోయిందని, ఇక అంతా తండ్రే చూసుకుంటాడని చెప్పాను. వెనక నుంచి ఒకావిడ, "మా ఆయనను తోల్కొచ్చి సూపెట్టాలె," అనేసరికి అందరూ ఘొల్లున నవ్వారు. స్వరూప నవ్వలేదు. తొట్టి చుట్టూ కళ్లు తిప్పి, "అన్నా, ఈ తొట్ల నీళ్లు యాడికి పోతయి?" అని అడిగింది.

ఎక్కడికి పోతాయి? ఖర్జూరపు చెట్లకు. చేపల మురికితో బలం పట్టిన నీళ్లను వారానికి రెండుసార్లు కాలవలోకి వదులుతారు. ఆ కాలవ చెట్ల వరసల మధ్య నుంచి తోట చివరిదాకా వెళ్తుంది. బయటికి పోయే నీళ్లు మళ్లీ తొట్టిలోకి రావు. పొద్దున్నుంచీ ఆ కాలవ దాటుతూనే తిరుగుతున్నాను గానీ, నాకు తట్టలేదు, గంగారాంకూ తట్టలేదు. ఆయన పరుగున వెళ్లి కాలవలోకి నీళ్లు వదిలే మీట తిప్పాడు. ఆడవాళ్లు తొట్టికి దూరంగా, చెట్ల నడుమ గుండ్రంగా తిరిగి చప్పట్లతో ఆడారు. నన్నూ లాగారు. అడుగులు తప్పాను, ఎవరూ పట్టించుకోలేదు. ఐదు కావస్తుండగా స్వరూప బతుకమ్మను కాలవలో వదిలింది. అది ఒక్కసారి ఊగి, మెల్లగా తిరిగి, నీటితో పాటు కదిలింది. "పోతున్నదక్కా! జూడు, పోతున్నది!" అని స్వరూప కళ్లు తుడుచుకుంటూ కాలవ గట్టు వెంట నడిచింది. చెట్ల నీడల్లో అది కనుమరుగయ్యేదాకా అందరం అలాగే నిలబడ్డాం. ఇంటికి చేరేసరికి ఏడున్నర.

మూడో రోజు గంగారాం ఫోన్ చేశాడు. గుంటలో దుమ్ములాగా ఏదో కదులుతోందట. అవి పిల్లలేనని చెప్పాను. మర్నాడు మళ్లీ ఫోన్. అర్బాబు వచ్చి కుర్చీ వేయించుకొని తొట్టి పక్కన కూర్చున్నాడట. పిల్లలన్నీ తండ్రిలాగే ఉంటాయా అని అడిగాడట. ఉండవని చెప్పమన్నాను. సంకరానికి పుట్టినవి ఒక్క అచ్చులో రావు. కొన్ని బ్లూగిల్ వైపు పోతాయి, కొన్ని గ్రీన్ సన్‌ఫిష్ వైపు పోతాయి, కొన్ని ఎవరి పోలికో తేలకుండా మధ్యలో ఉంటాయి. రెండు జాతుల అందం కుదిరిన ఆ నిండు రంగు మళ్లీ అలాగే వస్తుందన్న హామీ లేదు. అయినా ఆ తండ్రి తిండి మానేసి నిలబడ్డాడు. నాకు ఆ చేప రంగుల కంటే ఈ సంగతే ఎక్కువ నచ్చింది. ఇన్నేళ్లు పాఠంలో 'గూడు సంరక్షణ' అని ఒక్క ముక్కలో తేల్చేశాను, దాని వెనక ఇంత ఉందని ఇప్పుడు తెలిసింది. తొట్టి ఉంటుందా మరి అని అడిగాను. "ఉంటది మేడమ్. నేను గూడ ఉంట," అన్నాడు గంగారాం.

మీరు వెళ్లాలనుకుంటే ఒకే ఒక్క సూచన. పొద్దున ఎనిమిదిలోపు చేరుకొని పడమటి గట్టు మీద నిలబడండి. తూర్పు గట్టు మీద ఉంటే మీ నీడ గూటి మీద పడి, మగచేప బెదిరి కదులుతుంది. గంగారాం వచ్చి "జర ఇటు జరుగుర్రి" అంటే మొహం మాడ్చుకోకుండా జరగండి. ఆ రోజు కుర్చీ నీడ పడుతోందని ఆయన ఆ మాటే అర్బాబుతోనూ అన్నాడట. తోట యజమాని లేచి, కుర్చీ తనే ఎత్తుకొని, పడమటి గట్టుకు జరిగాడట.